కోర్టుకెక్కింది ఒకరు, ఫలం అందింది మరొకరికి

(అమరజీవి పొట్టి శ్రీరాములు వర్ధంతి సందర్భంగా జువ్వలదిన్నెలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



డిసెంబరు 15 అనగానే మనందరికీ 58 రోజుల దీక్ష గుర్తొస్తుంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట మొదలైన ఆ నిరశన అమరజీవి ప్రాణంతోనే ముగిసింది. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఈ ఊరి పిల్లలకు ఆ కథ నేను చెప్పనక్కర్లేదు. అంతకు ముందటి దీక్ష ఒకటుంది, దాన్ని తలచుకుంటాను. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన అన్నం మానేశారు. అప్పటికి మనకు రాజ్యాంగం లేదు. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం లేదు. నా ప్రాథమిక హక్కు పోయిందని హైకోర్టులో రిట్ వేయడానికి 226వ అధికరణం లేదు. న్యాయం అడగదలచుకున్నవాడికి మిగిలింది తన ఒళ్లొక్కటే. దాన్నే ఆయన పణంగా పెట్టారు.

1950 జనవరి 26 తర్వాత పరిస్థితి మారింది. కడుపు మాడ్చుకోకుండానే ప్రభుత్వాన్ని నిలదీసే దారి ఒకటి తెరుచుకుంది. ఆ దారిలో నడిచినవారిలో విద్యార్థులు, వారి తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఇక్కడొక విశేషం ఉంది. అమరజీవి ప్రాణమిచ్చి తెచ్చిన రాష్ట్రం, తర్వాత తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన రాష్ట్రం, చదువు హక్కు గురించిన పెద్ద పెద్ద కేసుల్లో ప్రతివాదిగా నిలబడింది. ఇందులో చిన్నతనమేమీ లేదు. మన రాష్ట్రం మనకు వచ్చిందంటే దాన్ని బోనులో నిలబెట్టి అడిగే హక్కు కూడా మనకు వచ్చిందనే.

ఈ తీర్పులన్నీ వరసగా చదివితే నాకు ఒక సంగతి పదే పదే కనిపించింది. కోర్టుకెక్కినవారు ఒకరు, ఫలం అందినవారు మరొకరు. ఒక సీటు కోసం తగాదా వస్తుంది, ఒక ఫీజు కోసం వస్తుంది, ఒక ఉదయం బడిలో జరిగిన గొడవ వల్ల వస్తుంది. ఆ తగాదా తీరేసరికి దాని పేరు కూడా వినని పిల్లల బతుకు మారిపోతుంది. ఒక్కోసారి మంచికి, ఒక్కోసారి చెడుకు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. తీర్పు ఇచ్చిన హక్కు దాని గురించి తెలిసినవారికే పనికొస్తుంది కాబట్టి, కోర్టు గుమ్మం ఎక్కని మనమే వాటిని ఎక్కువగా చదవాలి.

పద్నాలుగు సీట్ల లెక్క

1950 నాటికి నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఇక్కడి పిల్లవాడు డాక్టరు చదవాలన్నా, ఇంజినీరు చదవాలన్నా మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీవో ప్రకారమే సీటు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. ఈ లెక్క వల్ల తమకు అన్యాయం జరుగుతోందని వైద్యవిద్య కోరుకున్న చంపకం దొరైరాజన్, ఇంజినీరింగ్ కోరుకున్న సి.ఆర్. శ్రీనివాసన్ మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. పిటిషనర్ల పక్షాన నిలిచినవారిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యుడైన ఆయన పుట్టింది మన నెల్లూరు జిల్లా పూడూరులోనే.

హైకోర్టులో వారు గెలిచారు. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టులోనూ గెలిచారు. ప్రభుత్వ విద్యాసంస్థలో ప్రవేశాన్ని కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా నిరాకరించరాదని చెప్పే 29వ అధికరణం రెండో భాగానికి ఈ జీవో విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. కేసు అక్కడితో అయిపోవాలి. కానీ దాని అసలు కథ అక్కడే మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో ఆందోళన చెలరేగింది. రెండున్నర నెలలు తిరక్కముందే, 1951 జూన్‌లో, పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల కోసం, షెడ్యూల్డ్ కులాలు, తెగల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చని 15వ అధికరణంలో నాలుగో భాగం చేరింది. రిజర్వేషన్ వద్దని వేసిన కేసు, విద్యలో రిజర్వేషన్‌కు రాజ్యాంగ బలాన్ని తెచ్చిపెట్టింది.

ఆ తర్వాతి అధ్యాయం మన రాష్ట్రానిదే. వెనుకబడిన తరగతుల జాబితా ఒకటి తయారుచేసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైద్య కళాశాలల్లో సీట్లు కేటాయించింది. 1968లో పి. సాగర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలవనివ్వలేదు. వెనుకబాటును ఏ కొలతతో కొలిచారు, ఏ సమాచారం చూసి ఈ కులాలను చేర్చారు అని అడిగితే ప్రభుత్వం దగ్గర చూపడానికి సరైన ఆధారాలు లేవు. అధికారులు కూర్చుని అనుకున్నారంటే చాలదని కోర్టు చెప్పింది. ఓటమే, కానీ పనికొచ్చే ఓటమి. అనంతరామన్ కమిషన్ ఊరూరా తిరిగి, వివరాలు సేకరించి 1970లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడు సెప్టెంబరు 23న వచ్చిన జీవో 1793 వెనుకబడిన తరగతులను నాలుగు గ్రూపులు చేసి, ఏ గ్రూపుకు 7, బీకి 10, సీకి 1, డీకి 7, మొత్తం 25 శాతం సీట్లు కేటాయించింది. దీని మీదా కేసు పడింది. హైకోర్టు కొట్టేసింది. 1972లో బలరామ్ కేసులో సుప్రీంకోర్టు మాత్రం కమిషన్ చేసిన కృషిని పరిశీలించి జాబితాను నిలబెట్టింది.

ఇవాళ అగ్నికుల క్షత్రియులు, వాడబలిజలు, బెస్తలు, జాలర్లు, పట్టపువారు బీసీ-ఏ లో ఉన్నారు. ఈ తీరపు పాలెంలో పుట్టిన అమ్మాయి నెల్లూరు ఏసీఎస్సార్ ప్రభుత్వ వైద్య కళాశాలలో బీసీ-ఏ సీటు తెచ్చుకుందంటే, ఆ సీటు వెనక చంపకం గెలిచిన కేసు ఉంది, సాగర్‌లో ప్రభుత్వం ఓడిన కేసు ఉంది, బలరామ్‌లో నెగ్గిన కేసు ఉంది. ఆ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ ఈ పాలెం వేయలేదు. ఎవరైనా ఆ అమ్మాయిని కోటా సీటు అని తక్కువ చేస్తే చెప్పడానికి ఆమె దగ్గర ఒక జవాబుంది. లెక్కలు చూపమని దేశపు అత్యున్నత న్యాయస్థానం అడిగింది, చూపాకే ఒప్పుకుంది. పరీక్ష రాసి ఆమె నెగ్గింది, విచారణకు నిలబడి ఆ రిజర్వేషన్ నెగ్గింది.

ఫీజు తగాదాలో పుట్టిన బడి హక్కు

1980లలో, 90లలో కర్ణాటకకు వెళ్లి డొనేషన్ కట్టి చదువుకున్న తెలుగు పిల్లల సంగతి పెద్దవాళ్లకు తెలుసు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన రాష్ట్రం 1983లోనే చట్టం చేసింది. డబ్బున్నవారు సరిహద్దు దాటారు. అదే కర్ణాటకలో, తుమకూరు దగ్గరి ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో, మీరట్ నుంచి వచ్చిన మోహినీ జైన్‌ను ఏడాదికి 60,000 రూపాయలు కట్టమన్నారు. ప్రభుత్వ సీటు వచ్చినవారికి అదే చదువు 2,000 రూపాయలు. 1992 జులై 30న సుప్రీంకోర్టు ఆమె వైపు తీర్పిచ్చింది. విద్యను అమ్మకానికి పెట్టడం తప్పంది. అంతటితో ఆగకుండా, అన్ని స్థాయిల్లో చదువుకునే హక్కు పౌరులకు ఉందని కూడా అంది.

ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు కంగారుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల నుంచి పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. మన రాష్ట్రంలో ఆ ఏడాది ఇంకో మంట రేగింది. ప్రైవేటు కళాశాలలు సీట్లు తామే నింపుకోవడానికి వీలిస్తూ 1983 చట్టానికి 3-ఏ అనే సెక్షన్ చేర్చారు. కొత్త ప్రైవేటు వైద్య, దంత కళాశాలలకు అనుమతులిచ్చారు. క్రాంతి సంగ్రామ పరిషత్ కేసులో హైకోర్టు ఫుల్ బెంచి దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు దెబ్బకు ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి 1992 అక్టోబరులో పదవి వదులుకున్నారు. ఆయన ఊరు అప్పట్లో మన జిల్లాలో ఉన్న వాకాడే. కళాశాల సీట్ల మీద వచ్చిన ఒక కోర్టు తీర్పుతో ముఖ్యమంత్రి దిగిపోవడం మన జిల్లావారు దగ్గర నుంచి చూశారు.

ఈ పిటిషన్లన్నీ కలిసి ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే పేరుతో విచారణకు వచ్చాయి. 1993 ఫిబ్రవరి 4న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, తెలుగువారు. ఆయన తర్కం చాలా తేటగా ఉంటుంది. ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టి చెప్పింది ఒక్క 45వ అధికరణమే. రాజ్యాంగం వచ్చిన పదేళ్లలో, అంటే 1960 నాటికి, 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలి. ఆ గడువుకు నాలుగు రెట్ల కాలం గడిచిపోయింది. ఇంకా దాన్ని ఒట్టి ఆశగానే చూడాలా? జీవించే హక్కును 45వ అధికరణం వెలుగులో చదివితే, 14 ఏళ్లు నిండేవరకు ప్రతి బిడ్డకూ ఉచిత విద్య ప్రాథమిక హక్కే అవుతుంది. ఆ పైన రాజ్యం స్తోమతును బట్టి.

ఒక్కసారి ఆలోచించండి. కోర్టులో నిలబడినవారు ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు. వారు అడిగింది ఫీజు వసూలు చేసుకునే స్వేచ్ఛ. వచ్చింది ఒకటో తరగతి పిల్లవాడి హక్కు. ఆ పిల్లవాడి తరఫున అక్కడ ఎవరూ లేరు. ఇద్దరు న్యాయమూర్తులైతే ఈ కేసులో ప్రాథమిక విద్య గురించి తేల్చవలసిన అవసరమే లేదన్నారు కూడా. అయినా తేలింది. 2002 డిసెంబరులో 86వ సవరణ 21-ఏ అధికరణాన్ని తెచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. తీర్పు పుట్టినప్పటి నుంచి 14 ఏళ్ల వరకు అన్నది. సవరణ 6 నుంచి 14 అన్నది. అంటే అంగన్‌వాడీ వయసు పిల్లలను చట్టం గుమ్మం బయటే ఉంచింది. ఈ తేడాను గమనించినవారు తక్కువ. అంగన్‌వాడీలో పాలు, గుడ్డు అందకపోతే అడిగే తల్లికి ఈ తేడా తెలియాలి.

ఉన్నికృష్ణన్ తీర్పులోని ఫీజుల పథకాన్ని 2002 అక్టోబరు 31న టి.ఎం.ఏ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తులు తీసేశారు. బడి హక్కు నిలిచింది, ఫీజుల అదుపు సడలింది. కానీ మళ్లీ నెల్లూరు కళాశాల పేరుతోనే ఆ అదుపు గుర్తుచేసిన తీర్పు వచ్చింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవోతో ప్రైవేటు ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచింది. అంతకు ముందున్న ఫీజుకు అది ఏడు రెట్లు. విద్యార్థులు హైకోర్టుకు వెళ్లారు. 2019లో హైకోర్టు జీవోను కొట్టేసింది. కళాశాల యాజమాన్యం సుప్రీంకోర్టుకు వెళితే, నారాయణ మెడికల్ కాలేజీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2022 నవంబరు 7న జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ సుధాంశు ధూలియా ఆ తీర్పును సమర్థించారు. విద్య లాభం గుంజుకునే వ్యాపారం కాదన్నారు. అదనంగా వసూలు చేసింది తిరిగి ఇవ్వాలన్నారు. యాజమాన్యానికీ ప్రభుత్వానికీ కలిపి 5 లక్షల ఖర్చులు విధించారు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. కళాశాల ఫీజు, హాస్టలు ఫీజు, పుస్తకాల ఖర్చు తరుముకొచ్చే రోజులు కూడా అవే. అప్పు చేసి కట్టినవాడికి ఫీజు నిర్ణయించే నియంత్రణ కమిషన్ ఒకటుందని, అది చెప్పినదానికి మించి అడిగితే ప్రశ్నించవచ్చని తెలియకపోతే, ఈ తీర్పు ఎవరి కోసం వచ్చినట్టు? బాకీ ఉందని అసలు సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో పెట్టుకోవడం కుదరదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఎంతమంది తండ్రులు వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఉండేవారో.

పళ్లెంలోని అన్నం

ఇక్కడి ప్రభుత్వ బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడతారు. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అంతకు ముందు వేరే పేర్లున్నాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, అన్నం మాత్రం ఆగదు. ఎందుకు ఆగదు? అది కోర్టు ఉత్తర్వు కాబట్టి.

1995 నుంచి కేంద్రం పిల్లల పేరిట నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చేది. అది ఇంటికి వెళ్లేది, ఇంట్లో అందరి గిన్నెల్లో కలిసిపోయేది. 2001లో రాజస్థాన్‌లో కరువు. ఒకవైపు భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతోంది, మరోవైపు జనం ఆకలితో చస్తున్నారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. ఆ ఏడు నవంబరు 28న కోర్టు ఆదేశించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో ప్రతి బిడ్డకూ కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీను ఉన్న వండిన భోజనం, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి అది మొదలైంది. రాజస్థాన్ కరువు మీద వేసిన కేసు ఈ సముద్రపు ఒడ్డున తెల్లవారుజామునే వేటకు పోయిన తండ్రి బిడ్డకు అన్నం పెడుతోంది. భోజనంలో గుడ్డు తగ్గితే, పప్పు నీళ్లయితే, అడిగేవారు ఎవరి దయనో అడగడం లేదు. కోర్టు ఉత్తర్వును అమలు చేయమని అడుగుతున్నారు. అడిగే గొంతు స్వరం అక్కడే మారాలి.

మౌనంగా నిలబడే హక్కు

చదువుకు సీటు, ఫీజు, అన్నం కావాలి సరే. బడిలో విద్యార్థికి ఆలోచించే స్వేచ్ఛ, నమ్మకం పెట్టుకునే స్వేచ్ఛ ఉందా? ఈ ప్రశ్నకు మన దేశంలో గొప్ప జవాబు రాసింది కూడా ఒక తెలుగు న్యాయమూర్తే, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి.

కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు బడిలో జాతీయగీతం వేళ మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. తమ దేవుడికి తప్ప ఇంకెవరికీ ప్రార్థనాగీతం పాడకూడదన్నది వారి విశ్వాసం. 1985 జులైలో వారిని బడి నుంచి పంపేశారు. హైకోర్టు వారి వాదన ఒప్పుకోలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమని ఆదేశించింది. పాడి తీరాలని చెప్పే చట్టం ఏదీ లేదు, విద్యాశాఖ సర్క్యులర్ చట్టం కాదు, లేచి నిలబడటమే గౌరవం అన్నారు చిన్నపరెడ్డి. ఆ నమ్మకం మనకు వింతగా అనిపించడం ముఖ్యం కాదు, వారు దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే చూడాలన్నారు. సహనం మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం నేర్పిందని, దాన్ని పలుచన చేయవద్దని చెప్పి తీర్పు ముగించారు.

ఆ తీర్పులో ఆయన అమెరికా కేసులను కూడా తడిమి చూశారు. 1940లో అక్కడి సుప్రీంకోర్టు ఇదే మతం పిల్లలు జెండా వందనం చేయాల్సిందే అంది. యుద్ధం మధ్యలో, 1943లో, తన మాట తానే వెనక్కి తీసుకుంది. 1969లో టింకర్ కేసులో ఇంకో అడుగు వేసింది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్లబట్ట పట్టీలు చేతికి కట్టుకుని బడికి వెళ్లిన పిల్లలను సస్పెండ్ చేశారు. బడి గేటు దాటినంత మాత్రాన విద్యార్థి తన వాక్స్వాతంత్య్రాన్ని బయట వదిలి రానక్కర్లేదని కోర్టు చెప్పింది. మన దగ్గర ఈ దారి ఇంత తిన్నగా సాగలేదు. కర్ణాటక హిజాబ్ వివాదంలో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరోవైపు తీర్పిచ్చారు. ప్రశ్న ఇంకా తెగలేదు. తెగని ప్రశ్నల దగ్గర చిన్నపరెడ్డి మాట మరింత విలువైనది.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. బెత్తం ఈ స్వేచ్ఛకు బద్ధ శత్రువు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మా రోజుల్లో కొడితేనే చదువు వచ్చింది అంటారు చాలామంది. ఆ రోజుల్లో ఎంతమంది ఆ దెబ్బలకే బడి మానేశారో లెక్క వేసినవారు లేరు.

హాస్టలు గదిలో ప్రాణం

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల పశ్చిమబెంగాల్ అమ్మాయి హాస్టల్ భవనం పైనుంచి పడి చనిపోయింది. దర్యాప్తు సరిగా జరగలేదన్నది తండ్రి ఆవేదన. సీబీఐ దర్యాప్తు కావాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టును అడిగితే దొరకలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా కేసును సీబీఐకి అప్పగించారు. అంతటితో సరిపెట్టలేదు. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెబుతూ, చట్టం వచ్చేవరకు దేశమంతా పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చారు. 100 మంది, అంతకు పైగా విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సహాయవాణి నంబర్లు హాస్టళ్లలో కనిపించేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కోచింగ్ కేంద్రాల నమోదుకు రాష్ట్రాలు నియమాలు తేవాలి. జిల్లాలో కలెక్టర్ నాయకత్వాన పర్యవేక్షణ కమిటీ ఉండాలి.

ఆ తండ్రి అడిగింది తన కూతురికి న్యాయం. దక్కింది అందరి కూతుళ్లకు, కొడుకులకు రక్షణ. తెలుగువాళ్లం కార్పొరేట్ కళాశాలలను కనిపెట్టామని గర్వంగా చెప్పుకుంటాం. ర్యాంకుల ప్రకటనల్లో ఫొటోలు చూసి మురిసిపోతాం. పదో తరగతి అవగానే పిల్లను తీసుకెళ్లి నెల్లూరులోనో విజయవాడలోనో హాస్టలులో దించి వచ్చే ముందు, కౌన్సెలర్ ఎవరు, ఎక్కడ కూర్చుంటారు, ర్యాంకుల బట్టి సెక్షన్లు విడదీస్తారా అని ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఫీజు ఎంత అని అడిగే గొంతుతోనే అడగండి.

నష్టం కూడా బయటివారికే

ఇంతసేపూ లాభాల మాటే చెప్పాను. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. కోర్టుకు రానివారికి వచ్చేది ఎప్పుడూ లాభమే కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం జీవో 3 తెచ్చింది. బయటి నుంచి వచ్చే మాస్టర్లు కొండ మీది బడికి వెళ్లరు, వెళ్లినా పిల్లల భాష రాదు అన్నది దాని వెనక ఉన్న అనుభవం. 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో అయిదుగురు న్యాయమూర్తులు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేశారు. ఉద్యోగార్థుల మధ్య సమానత్వం గురించి వాదం సాగింది. తరగతి గదిలో తన మాట అర్థం చేసుకునే టీచరు కోసం చూసే కోయ పిల్ల, సవర పిల్లవాడు ఆ వాదంలో కక్షిదారులు కాలేదు. ఫలితం మాత్రం వాళ్లదే.

ఇంకో బలహీనత ఆలస్యం. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధనను 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు సమర్థించింది. మన రాష్ట్రంలో అది 2022-23 విద్యాసంవత్సరం నుంచి కదిలింది, అదీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచాక. ఆ పదేళ్లలో ఒకటో తరగతి వయసు దాటిపోయిన పిల్లలకు ఏ కోర్టూ ఆ ఏళ్లు తిరిగి ఇవ్వలేదు. 2022లో జీవో 117 పేరుతో 3, 4, 5 తరగతులను దూరపు హైస్కూళ్లకు తరలించినప్పుడు, పక్కింటి బడి అన్న చట్టం మాట ఏమైందని అడిగినవారు కొందరే. కోర్టు తలుపు తట్టే లోపలే పిల్లల్లో కొందరు బడికి పోవడం మానేశారు.

అంచేత తీర్పులను దేవుడి వరాలుగా చూడవద్దు. అవి మనుషులు అడిగిన ప్రశ్నలకు మనుషులు ఇచ్చిన జవాబులు. అడిగినదాన్ని బట్టి జవాబు వస్తుంది. అడగనివారి సంగతి న్యాయమూర్తికి గుర్తొస్తే ఒక ఉన్నికృష్ణన్ వస్తుంది, గుర్తురాకపోతే లీలాప్రసాదరావు వస్తుంది.

అడగడం ఎక్కడ మొదలవుతుంది

మోహినీ జైన్ తీర్పు వచ్చిన ఆ రోజుల్లోనే మన జిల్లా దూబగుంటలో ఇంకో తీర్పు వెలువడింది. దానికి కోర్టు లేదు. అక్షరదీపం తరగతుల్లో రాత్రిళ్లు లాంతరు వెలుగులో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. అక్షరం వచ్చాక వారికి మొదట అర్థమైంది తమ బతుకే. అక్కడ నుంచి రాష్ట్రమంతా సారా వ్యతిరేక ఉద్యమం పాకింది. చదువుకూ అడగడానికీ మధ్య దూరం ఎంత తక్కువో నెల్లూరు జిల్లాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ ఊరికి నేను పెద్ద పనులు చెప్పను. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీ సమావేశంలో ఎవరో ఒకరు చట్టంలోని పది సెక్షన్లు తెలుగులో గట్టిగా చదవండి. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రతి బడిలో తాగునీరు, మరుగుదొడ్లు ఆరు నెలల్లో ఉండాలని, అవి లేని చోట ఆడపిల్లలు చదువు మానేస్తారని చెప్పింది. మన బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి గొళ్లెం పడుతుందా, నీళ్లొస్తాయా, ఆ రోజే వెళ్లి చూడండి. మాట వినకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. అదీ చాలకపోతే, ఆడవాళ్లకూ పిల్లలకూ షెడ్యూల్డ్ కులాల, తెగల వారికీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇచ్చే న్యాయసేవా సంస్థ కావలి కోర్టులో ఉంది, జిల్లా సంస్థ నెల్లూరులో ఉంది. సహాయవాణి నంబరు 15100. పాలెంలో ప్రతి ఇంటి గోడ మీదా సుద్దముక్కతో రాసిపెట్టుకోదగ్గ నంబరు అది.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు లాయర్లవుతారు, ఒకరిద్దరు జడ్జీలు కూడా కావచ్చు. అప్పటిదాకా ఆగకండి. ఇవాళ నేను చెప్పిన కేసుల్లో ఒక్కటి తీసుకుని, దాని వెనక ఉన్న గొడవ ఏమిటో, దాని ఫలం మీ బడిలో ఎక్కడ కనిపిస్తుందో ఒక పేజీ రాయండి. మీ మాస్టారికి చూపించండి. ఆయన ఒప్పుకోని చోట వాదించండి, మర్యాదగా.

పెద్దలతో ఒక్క మాట చెప్పి విరమిస్తాను. యాజమాన్య కమిటీ తర్వాతి సమావేశం తేదీ బడి నోటీసు బోర్డు మీద ఉండాలి. రేపు ఉదయం పిల్లల్ని దింపడానికి వెళ్లినప్పుడు చూడండి. లేకపోతే, మీరు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.